నీలం బోర్డు, ఎర్ర బోర్డు

అక్టోబరు రెండో వారం వచ్చిందంటే హామిల్టన్‌లోని ఆ ఆఫీసు సమోసాల వాసన కొడుతుంది. చలికాలం ప్లాన్ మీద సంతకాలు జరిగే రోజున సమోసాలు తెప్పించడం మేనేజర్ మహీధర్ పెట్టిన ఆచారం. ఇరవై పేజీల ప్లాను, పేజీ పేజీకీ టిక్కులు పెట్టే గళ్ళు, చివర మూడు సంతకాలు, ఆ తర్వాత పుదీనా చట్నీ. మంచు పడి రోడ్లు మూసుకుపోతే సరుకు ఎలా చేరుతుందో అందులో ఉంటుందని అందరి నమ్మకం. నిజానికి అందులో ఉండేది కిందటేడు ప్లానే. సంవత్సరం అంకె ఒక్కటి మారుస్తారు.

ఆ అంకె మార్చేది మృదుల. మూడేళ్ళుగా ఆ పని ఆమెదే. పోనీ ఆ ఆఫీసువాళ్ళు పంపేది బొమ్మలో, బూట్లో అనుకుంటే అదీ కాదు. ఇంట్లోనే డయాలిసిస్ చేసుకునేవాళ్ళకి కావలసిన మందునీళ్ళ సంచులు. రోజుకి నాలుగు సంచులు కడుపులోకి ఎక్కించుకుని, మళ్ళీ దింపుకుని బతికే మనుషులు అంటారియో రాష్ట్రం ఉత్తరాన చిన్న చిన్న ఊళ్ళలో ఉన్నారు. గడ్డకట్టిన సంచి పనికిరాదు కాబట్టి లోపల వేడి ఉండే ట్రక్కుల్లోనే పంపాలి. ఒక కంపెనీ ట్రక్కులు ఆగిపోతే రెండో కంపెనీ అందుకోవాలని ఆసుపత్రితో కాంట్రాక్టు. ట్రక్కుల మీది పేర్ల బోర్డుల రంగును బట్టి ఆఫీసులో వాళ్ళని నీలం బోర్డువాళ్ళు, ఎర్ర బోర్డువాళ్ళు అంటారు.

ఈ ఏడూ అంకె మార్చి ఊరుకునేదే. కానీ పాత ఫైళ్ళు సర్దుతుంటే ఒక ఉత్తరం దొరికింది. ఫిజీ నుంచి వచ్చి ఉత్తరాన ఒక మారుమూల ఊళ్ళో స్థిరపడిన జమునా అనే డెబ్బై ఏళ్ళావిడ చేత్తో రాసింది. కిందటి ఫిబ్రవరి మంచు తుపానులో ట్రక్కు ఐదు రోజులు రాలేదట. నాలుగు సంచుల చోట రెండు, ఆ తర్వాత ఒకటి వాడుకుందట. కాళ్ళు వాచి, ఊపిరాడక, ఆఖరికి హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళారట. తిట్లు లేవు, బెదిరింపు లేదు. చివర ఒక్క ప్రశ్న ఉంది: మీ రెండో ట్రక్కు ఏమైంది?

ఆ ఉత్తరానికి ఎవరూ జవాబివ్వలేదు. కంప్యూటర్‌లోని ఫిర్యాదుల రిజిస్టర్‌లో ఆవిడ పేరుకి ఎదురుగా, కారణం అనే గడిలో ‘మంచు’ అని ఉంది. పక్క గడిలో ‘ముగిసింది’ అని ఉంది. ముగిసిందట! మృదులకి నోరంతా చేదైంది.

మర్నాడు ప్లాన్‌లో ఉన్న చిరునామా పట్టుకుని ఎర్ర బోర్డువాళ్ళ యార్డుకి కారు తీసింది. మూడేళ్ళలో ఆ చిరునామాకి ఆఫీసు నుంచి ఎవరూ వెళ్ళిన పాపాన పోలేదు, తనతో సహా. వెళ్ళి చూస్తే నీలం బోర్డువాళ్ళ గేటు ముందువైపు రోడ్డు మీద, ఎర్ర బోర్డువాళ్ళ గేటు వెనకవైపు రోడ్డు మీద ఉన్నాయి. లోపల మాత్రం యార్డు ఒక్కటే. అందులో మూడంటే మూడు వేడి ట్రక్కులు. షెడ్డు రేకు గోడకి అయస్కాంతంతో అతుక్కునే బోర్డులు వరసగా వేలాడుతున్నాయి, నీలానివి మూడు, ఎర్రవి మూడు.

డ్రైవర్ రోనీ ఒక ఎర్ర బోర్డు తీసి గుడ్డతో తుడుస్తున్నాడు. తాతలనాటి తెలుగు పదాలు నాలుగు మిగిలిన ఫిజీ కుటుంబం అతనిది. దాచడానికి ఏముంది అన్నట్టు చెప్పాడు.

“పొద్దున నీలం, మధ్యాన్నం ఎర్ర. ట్రక్కు సేమ్, రోనీ సేమ్.”

జమునా గారి ఇంటికి సంచులు దింపేది కూడా అతనే. ఫిబ్రవరిలో మూడు ట్రక్కులూ ఒకే హైవే మీద ఇరుక్కున్నాయనీ, నాలుగోది ఉంటే కదా వచ్చేదనీ అన్నాడు. అని ఆ బోర్డుని జాగ్రత్తగా మేకుకి తగిలించాడు. ఆ జాగ్రత్త చూసి మృదులకి రోత పుట్టింది.

తిరిగి వస్తూ ఉంటే ఇంకోటి గుర్తొచ్చింది. అది అంతకన్నా రోత. ఏటా సంతకాల రోజు ముందు, ట్రక్కులు సిద్ధమేనా అని రెండు కంపెనీలకీ ఫోన్ చేసి టిక్కు పెట్టేది తనే. రెండు నంబర్లకీ ఫోన్ ఎత్తేది అనంత్ అనే ఒక్కడే. ఆ గొంతు తను పోల్చుకుంది. రెండు చోట్లా పని చేస్తున్నాడేమో పాపం అనుకుంది. ఒకసారి అతనికి దీపావళి శుభాకాంక్షలు కూడా చెప్పింది. చెప్పి టిక్కు పెట్టింది.

నేరుగా మహీధర్ గదిలోకి వెళ్ళి, యార్డులో చూసింది చెప్పింది. మంచు మొదలవకముందే ప్రతి ఇంటికీ నాలుగు వారాల సంచులు చేరవేద్దామంది. ఈ ఉద్యోగం ఇప్పించింది ఆయనే, అందుకే గొంతు పెంచలేకపోయింది. ఆయన ఆశ్చర్యపోలేదు. కనీసం ఆశ్చర్యపోయినట్టు నటించినా కొంత గౌరవం మిగిలేది.

“కాంట్రాక్ట్‌లో రెండు కంపెనీలుండాలని రాశారు మృదులా, రెండు సెట్ల ట్రక్కులుండాలని రాయలేదు” అన్నాడు. “ఆడిట్ పాసవుతోందా లేదా? నువ్వన్నట్టు ముందే స్టాక్ పంపితే మన ప్లాన్ పనిచెయ్యదని మనమే ఒప్పుకున్నట్టు. మంచుకి ఎవరేం చేస్తారు?”

జమునా గారి ఉత్తరం బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చదవకుండా కాఫీ కప్పుకి దూరంగా జరిపాడు, మరక పడకుండా. ఆ శుభ్రం చూస్తే ఒళ్ళు మండిపోయింది. చేతులు దులుపుకోవడంలో ఇంత నేర్పున్న మనిషిని ఇన్నాళ్ళూ గారు, గారు అంటూ తిరిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

సంతకాల రోజు వచ్చింది. సమోసాలూ వచ్చాయి. ఆసుపత్రి తరఫున కావ్యశ్రీ వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన ఫార్మసిస్టు, తెలుగు అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. మహీధర్ పేజీలు తిప్పుతున్నాడు, ఆమె తలూపుతోంది. సంతకాల పేజీ దగ్గర పెన్ను తీసింది. ఆమె సంతకం పడితే ఏప్రిల్ దాకా అంతే సంగతులు. జమునా గారు మళ్ళీ మూడు ట్రక్కుల దయ మీద బతకాలి.

ట్రక్కుల టెస్ట్ కాల్స్ ఈసారి ఇంకా చేయలేదనీ, అందరి ముందూ చేస్తాననీ మృదుల అంది. అవసరం లేదని మహీధర్ అంటూనే ఉన్నాడు, ఆమె బల్ల మధ్య ఉన్న ఫోన్ స్పీకర్ నొక్కింది. మొదటి నంబరులో అనంత్ నీలం బోర్డు కంపెనీ పేరు చెప్పి పలకరించాడు. ట్రక్కులు మూడూ రెడీ అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి రెండో నంబరు కలిపింది. అదే గొంతు ఎర్ర బోర్డు కంపెనీ పేరు చెప్పింది, తర్వాత నవ్వింది.

“మళ్ళీ మీరేనా మృదులగారూ? ఇందాకే చెప్పానుగా. దీనిక్కూడా ఎస్ అని రాసేసుకోండి, ఎప్పట్లాగే.”

మహీధర్ సమోసా ప్లేటును కావ్యశ్రీ వైపు జరిపాడు. కావ్యశ్రీ పెన్ను మూత పెట్టింది. మహీధర్ వైపు చూడలేదు, మృదులనే చూసింది. ఇంగ్లీషు మానేసి, మాటలు కూడబలుక్కుంటూ అడిగింది.

“మీరు ఈ కాల్ ఎన్ని ఇయర్స్ నుంచి చేస్తున్నారు?”

“మూడేళ్ళ నుంచి.”

“ఎవ్రీ టైమ్ ఇదే వాయిసా?”

“ఇదే.”

రెండు కంపెనీలకీ యార్డు ఒక్కటేనని, మంచుకి ముందే నాలుగు వారాల సంచులు పంపాలని మృదుల చెప్పింది. కావ్యశ్రీ మెచ్చుకోలేదు. సంతకం పెట్టనని, పది రోజుల్లో ప్రతి ఇంటికీ నాలుగు వారాల సంచులు చేరాలని, వేరే ట్రక్కులున్న కంపెనీని వెతకాలని కాగితం మీద రాసిచ్చి వెళ్ళిపోయింది. ఉద్యోగంలో పెట్టింది నేనే, గుర్తుంచుకో అని తలుపు దగ్గర మహీధర్ అన్నాడు. గుర్తుందని, అదే సిగ్గుగా ఉందని మృదుల చెప్పింది.

తొమ్మిదో రోజున రోనీ జమునా గారింటి నుంచి ఫొటో పంపాడు. ముందుగదిలో సోఫా పక్కన పైకప్పు దాకా అట్టపెట్టెలు. కిటికీ అవతల అప్పుడే మంచు మొదలైంది.

మృదుల ఫొటో మూసి రిజిస్టర్ తెరిచింది. జమునా గారి కేసు వరసలో ‘ముగిసింది’ చెరిపేసింది. కారణం గడి నొక్కితే జాబితా వచ్చింది: మంచు, గాలి, రోడ్డు మూసివేత, ఇతరాలు. మనుషులు చేసే పనికి అందులో చోటే పెట్టలేదు, ఎంత సుఖమైన జాబితా! ఇతరాలు నొక్కి, ముందు మహీధర్ పేరు టైపు చేసింది. దాని పక్కన కామా పెట్టి, తన పేరు టైపు చేసింది.