దండ మేకులు

పటాలు కట్టే మదార్ సాయిబు ఎవరొచ్చినా ముందు అడిగే మాట ఒకటే: "ఉన్నోళ్ళా, పోయినోళ్ళా?" పోయినవాళ్ళ పటానికైతే దండ వేలాడదీయడానికి చట్రం పై మూలల్లో రెండు మేకులు కొట్టాలి. ఉన్నవాళ్ళకు కొడితే అపశకునం. ఒకసారి పొరపాటున నిక్షేపంలా ఉన్న ఓ కరణంగారి పటానికి కొట్టి, ఆయన చేత నానా తిట్లూ తిన్నాడు. అప్పట్నుంచీ అడగనిదే సుత్తి ముట్టడు.

ఆ వేసవి మధ్యాహ్నం ముత్తుకూరు బస్సు దిగి వెంకటశేషమ్మ నెల్లూరులోని అతని అంగడికి వచ్చేసరికి మదార్‌కు ఒళ్ళు హూనమై ఉంది. పొద్దుట్నుంచీ పదహారు దేవుడి పటాలకు అద్దాలు కోశాడు. ఈమె రేపొస్తే ఏం పోయింది అనుకున్నాడు. యాభై దాటిన మనిషి, నుదుట కాసంత కుంకుమ, చంకలో గుడ్డ చుట్టిన కాగితం.

"మా ఆయన. నా పాతికేళ్ళప్పుడే సన్యాసం పుచ్చుకొని పోయినాడు. పన్నెండేళ్ళ కింద ఆయన శిష్యుడు తెచ్చిచ్చినాడు దీన్ని," అంది.

"ఉన్నోళ్ళా, పోయినోళ్ళా తల్లీ?"

"ఉండాడు."

కాగితం విప్పగానే మదార్ నడుంనొప్పి మరిచిపోయాడు. నల్లసుద్ద, ఎర్రసుద్ద కలిపి గీసిన సన్యాసి ముఖం. గుండు మీద వెలుగు పడినచోట ఒక్క గీతా పెట్టకుండా మట్టిరంగు కాగితాన్నే వదిలేశాడు గీసినవాడు. చెంపల పల్లాల్లో ఎర్రసుద్దను వేలితో మెల్లగా రుద్దాడు. "అబ్బ! ఏం చెయ్యమ్మా వాడిది!" అన్నాడు మదార్. అలవాటుగా దుమ్ము తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తుడిస్తే ముఖమంతా గుడ్డకు వచ్చేస్తుంది. అద్దం ఆనకుండా మధ్యలో సన్న బద్దలు పెట్టాలనుకున్నాడు.

అప్పుడు కళ్ళు చూశాడు. అవి మాత్రం వేరే చెయ్యి. బడిలో బోర్డు మీద రాసే తెల్లసుద్దతో పెట్టినవి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆ తెలుపు కింద మూసిన రెప్పల గీతలు ఇంకా కనబడుతున్నాయి. గడ్డం కింద నుంచి చెవుల వెనక్కి గుడ్డకట్టు ఉంది. తల వెనక ఆనుడు చెక్క ఉంది. శవాన్ని కూర్చోబెట్టి తీసిన ఫొటోలకు ముప్పై ఏళ్ళుగా అద్దాలు వేసినవాడికి ఇంకొకరు చెప్పాలా? ఇది సన్యాసి పోయాక గీసిన బొమ్మ.

మదార్ ఆమె నుదుటి వైపు చూడలేకపోయాడు. చెబితే ఆ బొట్టు చెరిపిన పాపం తనది. చెప్పకపోతే అబద్ధానికి చట్రం కట్టిన పాపమూ తనదే. యా అల్లా, నాకెందుకొచ్చిన గొడవ అనుకుంటూ పటం బిగించాడు. మేకుల డబ్బా జోలికి పోలేదు.

"ఇదిగో తల్లీ. ఉప్పుగాలి తగలనీకు."

ఆమె పటం అందుకోలేదు.

"మేకులు కొట్టలేదే?"

"ఉండాడంటివి గదా."

"నువ్వు చూసినావు. చూసి కూడా ఊరకున్నావు." ఆమె బల్ల మీద కూలబడింది. "ఆ కళ్ళు తెరిచింది నేనే మదారన్నా. శిష్యుడు నోరు విప్పకముందే బొమ్మ చూసి తెలుసుకున్నా. మా అత్తకు ఒక్కడే కొడుకు. తెలిస్తే ఆ పూటే పోయుండేది. పక్కింటి బడి అయివారి దగ్గర సుద్దముక్క అడుక్కొచ్చి గీసినా. ఇదిగో, చూస్తా ఉండాడు నీ కొడుకు అని చూపు మసకేసిన ఆమెకు రోజూ చూపించినా. మొన్న లోకం మునిగిపోతాదన్న అష్టగ్రహకూటమి నాడు ఆమె పోయింది. నోటికి అలవాటై ఇందాక కూడా ఉండాడనేసినా గానీ, ఇంకెవురి కోసం? పన్నెండేళ్ళు ఆయన్ని నిద్రపోనీలేదు, నేనూ పోలేదు. అలిసిపోయినా అన్నా. కొట్టు."

మదార్ మేకుల డబ్బా మూత తీశాడు. సుత్తి అందుకున్నాడు.

మొదటి మేకు దెబ్బకు అద్దం లోపల తెల్లటి పొడి రాలింది. ఎడమ కన్ను సగం మూసుకుంది. అతను సుత్తి ఆపి ఆమె వైపు చూశాడు.

"రెండోది కూడా," అంది వెంకటశేషమ్మ.