ఒట్టి చేతులతో వచ్చినవాళ్ళు

ఆంక్షలు సడలించారన్న కబురు నాకు మందుల షాపాయన చెప్పాడు. "ఆసుపత్రి సామానుకి ఇక అడ్డు లేదమ్మా! ఇవిగో, మీ అత్తగారి చెవి మిషను బ్యాటరీలు," అని నవ్వుతూ చేతిలో పెట్టాడు.

చొక్కా బొత్తాంలో సగం కూడా లేవు. యుద్ధం చేసేవాళ్ళకి పనికొస్తాయని బయటి దేశాలు వీటిని కూడా ఆపేశాయి. మా అత్తయ్య చెవిలో పెట్టుకునేదానితో ఏ సైన్యం గెలుస్తుందో నాకైతే అర్థం కాలేదు. వాటికోసం ఆ షాపు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. తీరా చేతికొచ్చాక గుండెల్లో రాయి పడింది.

అత్తయ్యకి వినపడని ఈ కాలంలోనే మా ఆయన పోయాడు. ఆయన నడిపే లారీ మీద బాంబు పడింది. ముసలి ప్రాణం తట్టుకోలేదని భయపడి, సరిహద్దు మూసేశారనీ, అవతల చిక్కుకుపోయాడనీ సైగలతో నమ్మబలికాను. పరామర్శకి ఎవరొచ్చినా, కుట్టుపనికి వచ్చారన్నట్టు మెడలోని కొలతల టేపు ఆడించి చూపించేదాన్ని. అత్తయ్య తలూపి, నా కుట్టుమిషను కాళ్ళకి వీపు ఆనించుకుని కాజాలు కుట్టుకునేది. మిషను ఆగితే ఆమె వీపుకి తెలుస్తుంది. వెంటనే కుట్టిన బట్ట కోసం వెనక్కి చెయ్యి చాస్తుంది. మా పని అలా సాగేది.

బ్యాటరీలు దారాల డబ్బాలో దాచేశాను. వినపడకపోతే మాత్రం ఏం కొంప మునిగింది అనుకున్నాను, ఎంత పాపిష్టిదాన్నో! మర్నాడు అత్తయ్య వీధి దాటుతుంటే నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టుకుంటూ మీదికొచ్చింది. ఆమె తిరిగైనా చూడలేదు. పరుగెత్తి రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను. ఇంటికి రాగానే బ్యాటరీ వేసి, చెవి మిషను ఆమెకి పెట్టాను.

అత్తయ్య ఎప్పటిలాగే వచ్చి తన చోట కూర్చుంది. నేను కుట్టడం మొదలుపెట్టాను.

"దీనికి కాస్త నూనె వెయ్యవే. చెవులు చిల్లులు పడుతున్నాయి," అంది.

నాకు నవ్వొచ్చింది. నేనింకా నవ్వుతుండగానే అడిగింది.

"ఇప్పుడు చెప్పు. నా కొడుకెలా పోయాడు?"

నా కాలు ఆగిపోయింది.

"కుట్టుపనికి వచ్చేవాళ్ళు బట్ట తేకుండా ఒట్టి చేతులతో వస్తారటే? మిషను ఆగిందని నేను చెయ్యి చాస్తే నువ్వేమీ ఇచ్చేదానివి కాదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే నా వీపుకి తెలీదనుకున్నావా?"

"మరి అడగలేదేం అత్తయ్యా?"

"అడిగితే సైగలు చేస్తావు. వాడి చావు చేతులూపి చెబితే నేను చూడలేనమ్మా. నీ నోటితో వినాలి."

అత్తయ్య సూది పక్కన పెట్టి, చెవి మిషను సౌండు పెంచుకుంది.