ఒక్కడు కట్టిన ఓడ

"కుట్టు పనే గదా, నీకు తెల్వంది గాదు" అంటూ కృపాకర్ రాగి తీగ చుట్ట తెచ్చి ఒళ్లో పడేసినప్పుడు ప్రవీణ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ముడిమ్యాలలో వాళ్ల ఇంటి ముందు రేకుల షెడ్డు నిండా అప్పటికే ప్లైవుడ్ ముక్కలు పరిచి ఉన్నాయి. మనిషి లోపల కూర్చుని నడుపుకునే బొమ్మ యుద్ధనౌక అది. మిషన్ మీద కోసి, నంబర్లు వేసి, అంచుల వెంట రంధ్రాలు పెట్టిన ముక్కలు పెట్టెల్లో వస్తాయి. వాటిని తీగతో కుట్టి, కుట్ల మీద రెసిన్ అనే జిగురు పూసి, పీచు గుడ్డ అతికించి, నున్నగా అయ్యేదాకా రుద్ది రంగేస్తే ఓడ. చందనవెల్లి డేటా సెంటర్‌లో షిఫ్టు డ్యూటీలు చేసే కృపాకర్ ఫోనులో వీడియోలు చూసి చూసి దీని మీద మనసు పారేసుకున్నాడు. "నీళ్లల్ల దించిన్నాడు ముందుగాల నువ్వే ఎక్కుతవ్. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నాడు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో దేనికైనా 'ముందుగాల నువ్వే' అన్న మాట ఆమె చెవిన పడడం అదే మొదలు. ముద్ద కూడా అందరూ తిన్నాకే తినేది. ఆ మాటకే పడిపోయింది పిచ్చిది.

రెసిన్ కలిపితే గడ్డకట్టేలోపు పూసేయాలి, అది ఎవరి కోసమూ ఆగదు. ఎండలు మండుతున్నాయి కాబట్టి చల్లపొద్దునే కలపాలి. చల్లపొద్దున కృపాకర్ అయితే నైట్ డ్యూటీ చేసొచ్చి గుర్రు పెడుతుంటాడు, లేకపోతే డ్యూటీకి తయారవుతూ సాక్సులు ఎక్కడున్నాయని అరుస్తుంటాడు. కాబట్టి పొయ్యి మీద పప్పు, షెడ్డులో రెసిన్, రెండింటి మధ్యా ప్రవీణ. పూత ఆరాక ఉప్పు కాగితంతో రుద్దడం. ఆ పొడి ఉతికిన బట్టల మీద పడితే తిట్లు ఆమెకే, తడిబట్టతో తుడవడమూ ఆమే. మోచేతుల దాకా దద్దుర్లు లేచి దురద పుడుతుంటే అత్త కరుణమ్మ చూసి "నీళ్లు సరిగ్గ పోసుకోకుంటే గట్లనే అయితది" అంది. చేవెళ్లలో ప్రవీణ పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో ప్రిన్సిపాల్ ఇంకో అడుగు ముందుకేసి, పిల్లల ముందే "మేడం, చేతులు జర నీట్‌గ పెట్టుకోండి. పేరెంట్స్ చూస్తరు" అన్నాడు. గోళ్ల సందుల్లో ఇరుక్కుని ఎండిన బూడిదరంగు పెయింటు కిరోసిన్‌కు కూడా వదల్లేదు. ఆ రోజంతా కొంగు కింద చేతులు దాచుకుని లెక్కలు చెప్పింది. దాచుకోవలసింది తనెందుకని ఒక్కసారి కూడా తోచనందుకు ఇప్పుడు తలచుకుంటే తన మీద తనకే మండుతుంది.

అయినా ఆ ఓడంటే ఇష్టం పుట్టింది. లోపలి కుట్లు రుద్దడానికి అందులో దూరి కూర్చునేది. ఒక్క మనిషికే చోటు. తల పైన ప్లైవుడ్ బురుజు, కళ్ల ముందు చూడ్డానికి సన్నని చీలిక. ఆ చీలికలోంచి వాకిలి ఒక పట్టీలా కనిపించేది. లోపలున్న మనిషి మాత్రం బయటివాళ్లకు కనిపించదు. "ప్రవీణా!" అని అత్త పిలుస్తూ షెడ్డు ముందు నుంచే వెళ్లిపోయేది. ఆ ఇంట్లో హాలు మామగారి ఫొటోది, మంచం మొగుడిది, వంటింట్లో ముక్కాలి పీట అత్తది. తనకంటూ ఒక సీటు ఉన్నది అక్కడే. దాన్ని నీళ్ల మీద తనే నడుపుతున్నట్టు, గట్టు మీద పిలిచేవాళ్ల గొంతులు దూరమైపోతున్నట్టు ఊహించుకుంటూ రుద్దేది. చేతుల నొప్పి తెలిసేది కాదు.

మొగుడు ఆదివారాల్లో తుపాకీ గొట్టాలు బిగించాడు. పీవీసీ పైపు ముక్కలు అవి. బిగించాక వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగాడు. "మిసెస్ గూడ చేస్తదా అన్నా?" అని ఫోనులో ఎవరో అడిగితే "ఆఁ, జర అందిస్తది" అన్నాడు. స్క్రూడ్రైవర్ అందించింది కూడా నిజమే కదా, అబద్ధమని ఎట్లా అనడం!

ఓడను దించేది మొయినాబాద్‌లో, చిలుకూరు దారిలో ఉన్న శ్రీశైలం ఫామ్‌హౌస్‌లో. శ్రీశైలం కృపాకర్ స్నేహితుడు. తోట తడపడానికి అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి తవ్వించిన కుంట ఉంది అక్కడ, లోతు మోకాళ్లు దాటదు. కొత్త బండి కొన్నా, బోరు వేసినా ప్రార్థన చేయించకుండా ముట్టుకోని ఇల్లు కృపాకర్ వాళ్లది కాబట్టి ఓడకూ పాస్టర్ నతానియేలు అయ్యగారిని పిలిచారు. చుట్టాలకు బగారన్నం, కోడికూర. పొద్దున ప్రవీణ సల్వార్ వేసుకుని బయటికి రాగానే కరుణమ్మ ఎగాదిగా చూసింది.

"అయ్యగారు వస్తుండు, నలుగురు పెద్దమనుషులు వస్తున్నరు. చీర కట్టుకో."

కట్టుకుంది. ఫామ్‌హౌస్‌కు చేరాక చూస్తే, ముందురోజే ట్రాలీలో తెచ్చి గట్టు మీద పెట్టిన ఓడలో రాత్రి కురిసిన వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. "ప్రవీణా, గా నీళ్లు తీసెయ్" అన్నాడు కృపాకర్, చొక్కా నలగకుండా పక్కకు జరుగుతూ. ఓడ వెనక అడుగున నీళ్లు పోయే రంధ్రం, దానికో రబ్బరు బిరడా. ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టి కూర్చుని బిరడా లాగింది, లోపలంతా తుడిచింది, తడారాక పెట్టొచ్చని బిరడాను కొంగుకు ముడేసుకుంది.

"మరి నేనెప్పుడు ఎక్కాలె?" అని అడిగింది, కాస్త నవ్వుతూనే.

అతను ఆమెను పైనుంచి కింద దాకా చూశాడు. "చీరల ఎట్ల ఎక్కుతవే? గింతమంది మొగోళ్ల ముందట. నేను ఎక్కుత. అందరు తిని పోయినంక, గిన్నెలు తోముడైనంక ఎక్కుదువు తియ్యి."

చీర కట్టుకొమ్మన్నదీ వాళ్లే, చీర కట్టుకుంది కాబట్టి వద్దన్నదీ వాళ్లే. ప్రవీణకు వచ్చింది ఏడుపు కాదు, ఏడుపైతే ఆమెకు అలవాటే, గుర్తుపట్టేది. అంతలో కరుణమ్మ "పళ్లాలు ఏడ పెట్టినవ్?" అని కేకేసింది. వెళ్లింది.

పళ్లాలు తుడుస్తుండగా కొంగు ముడి మోచేతికి తగిలింది. బిరడా! పళ్లెం కింద పెట్టి కుంట వైపు గబగబా నడిచింది. చెప్పాలనే నడిచింది, అబద్ధమాడనక్కర్లేదు. అప్పటికి అందరూ కళ్లు మూసుకుని నిలబడ్డారు.

"ప్రభువా, నీ దాసుడైన కృపాకర్ చేతుల కష్టార్జితమును ఆశీర్వదించుము" అంటున్నారు అయ్యగారు.

ప్రవీణ కళ్లు మూసుకోలేదు. తన చేతుల వైపు చూసుకుంది. దద్దుర్లు మానిన చోట చర్మం నల్లబడి ఉంది. ఆమెన్ అన్నారు అందరూ. శ్రీశైలం ఫోను పట్టుకుని వీడియో తీస్తూ "చెప్పన్నా, ఎంతమంది కలిసి చేసిన్రు?" అన్నాడు. ఇప్పుడైనా అంటాడేమోనని ఆమె ఆగింది. ఒక్క పేరు, మూడక్షరాలు. అంటే చాలు, పరిగెత్తి వెళ్లి తన చేత్తో తనే బిరడా బిగించేది.

"ఎవ్వరు లేరన్నా. మొత్తం ఒక్కన్నే చేసిన" అన్నాడు కృపాకర్. "చిన్న మేకు దగ్గర్నుంచి అన్ని నేనే."

కరుణమ్మ కళ్లు ఒత్తుకుంది. "పానం పెట్టిండు నా కొడుకు" అంది పక్కావిడతో.

ప్రవీణ ముడి మీద చెయ్యి వేసుకుని అట్లాగే నిలబడింది. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఎవరు ఏది మరిచిపోయినా ఆమెకు గుర్తుండేది. మందులు, కరెంటు బిల్లు, అతని అక్కల పుట్టినరోజులు. అన్నీ ఆమెకు గుర్తుండబట్టే ఎవరికీ ఆమె గుర్తు రాలేదు. ఈ ఒక్కటి వాళ్లకే వదిలేస్తే ఏమవుతుందో చూడాలనిపించింది. ఏమీ కాదు, ప్యాంటు తడుస్తుంది.

చప్పట్ల మధ్య ఓడను నెట్టారు. కృపాకర్ బ్యాటరీ మోటారు తిప్పాడు, చెయ్యి ఊపాడు. ఓడ ఠీవిగా కొంచెం దూరం పోయింది. తర్వాత వెనక వైపు కుంగింది. లోపలి నుంచి "ఏయ్, నీళ్లు!" అని కేక వినబడింది, బురుజు కదిలింది, యుద్ధనౌక నెమ్మదిగా కూర్చున్నట్టు కుంట అడుగున కూర్చుంది. తుపాకులూ కృపాకర్ తలా పైకి కనబడుతున్నాయి. అతను లేచి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి గట్టు మీద ఒకే ఒక్క మనిషి కోసం వెతికాడు.

"బిరడా ఏదే? పెట్టలేదా నువ్వు?"

అందరి తలలూ ఇటు తిరిగాయి. ప్రవీణ గొంతు పెంచలేదు.

"అన్ని ఒక్కన్నే చేసిన అన్నవ్ గదా. అది గూడ పెట్టుకున్నవనుకున్న."

ఎవరో కిసుక్కుమన్నారు. శ్రీశైలం ఫోను ఇంకా తీస్తూనే ఉంది. "మొగని ఇజ్జత్ తీస్తవా నలుగుర్ల!" అని కరుణమ్మ అందుకోబోయింది. అయ్యగారు మాత్రం ప్రవీణ చేతుల వైపు చూసి తల దించుకున్నారు.

నలుగురు మగవాళ్లు దిగి ఓడను గట్టు మీదికి లాగారు. ముక్కు పైకెత్తితే వెనక రంధ్రం నుంచి నీళ్లు బొళబొళా పోయాయి. బ్యాటరీ ఎత్తు పలక మీద ఉంది కాబట్టి తడవలేదు. నీళ్లు ఆగాక ప్రవీణ కొంగు ముడి విప్పింది, బిరడా తుడిచి, బొటనవేలితో నొక్కి బిగించింది. కుచ్చిళ్లు పైకి లాగి నడుముకు దోపుకుంది. పిక్కలు బయటపడ్డాయి. పడనీ. ఓడను తిరిగి నీళ్లలోకి తొయ్యమంది, తోశారు. ఎక్కి కూర్చుంది.

సీటు తెలిసిన సీటే. చీలికలోంచి ఈసారి వాకిలి కాదు, నీళ్లు కనబడ్డాయి. మోటారు తిప్పింది. గట్టు వెనక్కి జరిగింది.

"ప్రవీణా!" తడిసిన ప్యాంటు పిండుకుంటూ కృపాకర్ అరుస్తున్నాడు. "ఏయ్ ప్రవీణా, మరి నేనెప్పుడు ఎక్కాలె?"

ఆమె బురుజులోంచి తల బయటపెట్టింది.

"అందరు తిని పోయినంక" అంది. "గిన్నెలు తోముడైనంక ఎక్కుదువు తియ్యి."