దుప్పటి లేని మడత

ఆరిన దుప్పటికి ఒక వాసన ఉంటుంది.

ఎండ వాసనా కాదు, సబ్బు వాసనా కాదు. వాన వెలిసిన కాసేపటికి రాళ్ల మీంచి లేచే వాసన.

విదిలిస్తే గాలి నిండుతుంది. అమ్మకీ నాకూ మధ్య తెల్లమబ్బు ఒకటి పుడుతుంది. అమ్మ కనపడదు. మబ్బు దిగుతుంది... అమ్మ కనపడుతుంది.

కొసలు పట్టుకుని నేను నాలుగు అడుగులు. అమ్మ నాలుగు అడుగులు. ఆమె వేళ్లు నా వేళ్లకి తగులుతాయి. కొసలు ఆమె చేతికి వెళ్తాయి.

ఈ లాండ్రీలో ఎనిమిదేళ్లుగా ఇదే మా పని.

అమ్మ నన్ను ముట్టుకునేది అప్పుడే. దగ్గరికి తీసుకునే మనిషి కాదు. తిన్నావా అని అడగదు — కంచం ముందుకి తోస్తుంది, అంతే. ఆ వేళ్ల కొసలే నా వాటా. చాలనుకున్నాను.

చెల్లి కెమెరా తెచ్చింది.

సినిమా చదువు చదువుతోంది. పరీక్ష కోసం పది నిమిషాల సినిమా తీయాలట.

"కథ ఉండదక్కా. మాటలుండవు. దుప్పటి కూడా ఉండదు. మడతపెట్టే చేతులే. అదే డాన్సు."

"నేనూ అమ్మానా?"

చెల్లి లెన్సు తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"అమ్మ ఉంటుంది. ఎదురుగా డాన్సర్ ఉంటుంది. నువ్వైతే... పని చేస్తున్నట్టే ఉంటావక్కా."

"మరి అమ్మ?"

"అమ్మ అమ్మలా ఉంటే చాలు."

ఇస్త్రీ చేసే మామ పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. "మీ అమ్మ హీరోయినైపోయిందే! ఇంక నీతో మడతలేం పెడుతుంది? వచ్చి నా పెట్టె పట్టుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఆవిరి... మూత తీయని ఆవిరి.

డాన్సర్ వచ్చింది. నాకంటే రెండేళ్లు చిన్న. పొడుగు మెడ. నీళ్లలో నిలబడ్డ కొంగలా, ఆగి ఉన్నా కదులుతున్నట్టే ఉంటుంది.

ఆమెకి నేర్పే పని నాది.

అడుగులు నేర్పాను. విదిలించడం నేర్పాను. గుంజి అంచులు సరిచూసుకోవడం నేర్పాను. అక్కా, అక్కా అంటూనే మూడు పూటల్లో అన్నీ నేర్చేసుకుంది.

ఒక్కటి నేర్పలేదు.

అమ్మ కుడిభుజం పైకి లేవదు. తడి మూటలు మోసీ మోసీ ఆరేళ్ల కిందటే పట్టేసింది. అందుకే నా చేతుల్ని గుండెల ఎత్తు దాటనివ్వను. ఆమెకి అందేలా కాస్త వంగి ఇస్తాను. వంగమని అమ్మ చెప్పలేదు. నేను అడగలేదు. నా నడుముకి తెలుసు.

అది మా ఇద్దరిదీ. ఇంకొకరికి ఎందుకిస్తాను?

నిజం చెప్పాలంటే — ఆ పిల్ల తప్పు చేయాలనుకున్నాను. అమ్మ చెయ్యి సగంలో ఆగిపోవాలి. "మా పెద్దదైతే ఇలా కాదు" అని అమ్మ అనాలి. చెల్లి కెమెరాలోంచి తల ఎత్తి నన్ను వెతకాలి.

ఆదివారం. లాండ్రీ ఖాళీ. బల్లలు గోడకి జరిపాం.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో ఏమీ లేదు.

విదిలించారు. ఏమీ లేని చోట గాలి నిండింది... నాకూ ఆ మబ్బు కనపడింది. అదే కష్టంగా ఉంది.

నాలుగు అడుగులు. నాలుగు అడుగులు.

డాన్సర్ చేతులు లేచాయి. గుండెలు దాటి. గడ్డం దాటి. నుదురు దాటి. వెలుతురు కోసం కొమ్మ లేచినట్టు.

అమ్మ చెయ్యి అంత ఎత్తు లేవదు. ఆగుతుంది. ఇప్పుడు ఆగుతుంది...

అమ్మ చెయ్యి లేచింది.

మెల్లగా. వణుకుతూ. గుండెలు దాటింది. భుజం దాటింది. నవ్వుతూ — అవును, నవ్వుతూనే — తల పైన ఆ పిల్ల వేళ్లని అందుకుంది.

"నా తల్లే! ఎక్కడ నేర్చావే ఇదంతా?"

నా తల్లే.

"అక్క నేర్పిందమ్మా."

అమ్మ నా వైపు చూసింది. చూసి... మళ్లీ ఆ చేతుల్నే చూసింది.

కెమెరా వెనక చెల్లి కళ్లు తుడుచుకుంటోంది. "ఇంకోసారి" అంది.

ఇంకోసారీ అమ్మ చెయ్యి లేచింది.

ఆరేళ్లు వంగాను. వంగకుండా ఉంటే నాక్కూడా లేచేదా?

ఎవర్ని అడగాలి?

సోమవారం. డాన్సర్ లేదు, చెల్లి లేదు. గంప నిండా దుప్పట్లు. అమ్మ దగ్గర నొప్పి మందు వాసన.

విదిలించాం. అమ్మ నాలుగు అడుగులు. నేను నాలుగు అడుగులు.

నేను వంగలేదు.

చేతులు పైకెత్తాను. గడ్డం దాటించాను. నుదురు దాటించాను.

"ఏంటే? దించు."

దించలేదు.

"లాగేస్తోందే చెయ్యి. రాత్రంతా కన్ను మూయలేదు. దించవే."

"నిన్న లేచిందిగా."

ఆ గొంతు నాదేనా అనిపించింది.

మామ ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది.

కిటికీలోంచి గాలి వచ్చింది. మా మధ్య వేలాడుతున్న గుడ్డ ఉబ్బింది. తెల్లటి మబ్బు. వెనక అమ్మ ముఖం కనపడలేదు.

నా భుజాలు లాగుతున్నాయి. అయినా దించలేదు.

అటువైపు కొస కదిలింది.

పైకో... కిందికో... మబ్బు దిగితే గానీ తెలియదు.