గని గుర్రం కదలలేదు

గిస్లేన్ దెలాత్ర్ పోయిన మర్నాడు ఉత్తర ఫ్రాన్సులోని మా లీల్ నగరం పత్రికలన్నీ ఆమెను ‘పిల్లల మృదుభాషిణి’ అని పొగిడాయి. చదివి నాకు ఒళ్లు మండింది. మృదువట! ఆవిడ ఫోను చేస్తే మంత్రులే ఇంట్లో లేమని చెప్పించేవారు. ముందు విలేకరి, తర్వాత చచ్చేదాకా పిల్లల రచయిత్రి. ఆ మధ్యలో జరిగింది నా కళ్లముందే జరిగింది.

పందొమ్మిదివందల అరవై మూడులో, బొగ్గు గని కార్మికుల సమ్మె రోజులు. మేమిద్దరం ఒకే పత్రికలో పనిచేసేవాళ్లం. నేను ప్రూఫ్ రీడర్ని. గిస్లేన్ గనుల ఊరు లాన్స్ వెళ్లి, కార్మికుల వంటిళ్లలో కాఫీ తాగి, వాళ్ల గోడునంతా పేజీ నిండా రాసుకొచ్చింది. ఎడిటర్ బొకియోన్ దాన్ని నాలుగు ముక్కలకి కుదించి లోపలి పేజీలో పడేశాడు.

“చూడమ్మా, నీకు గురువారం పిల్లల పేజీ ఉందిగా. బాతులూ కుందేళ్లూ రాసుకో,” అన్నాడు.

“అలాగే సార్,” అంది గిస్లేన్. అంత తేలిగ్గా ఒప్పుకుందంటే ఏదో తలపెట్టిందనుకున్నాను.

అప్పట్లో మాకు గురువారం బడికి సెలవు కాబట్టి పిల్లలంతా ఆ పేజీ కోసం కాచుకుని ఉండేవారు. ఆవిడ గని గుర్రం కథ మొదలుపెట్టి వారం వారం రాసింది. మా వైపు పుట్టినవాళ్లందరికీ గని గుర్రం సంగతి తెలుసు. వెనక బొగ్గు తొట్లు ఒక్కొక్కటే తగిలిస్తుంటే అది గొలుసుల చప్పుడు విని లెక్కపెట్టుకుంటుంది. రోజూ లాగేదానికంటే ఒక్క తొట్టి ఎక్కువైతే, కొరడా విరిగినా అడుగు వెయ్యదు. ఆఖరి భాగంలో యజమాని ఆ ఒక్కటీ తగిలించాడు. “గుర్రం కదలలేదు” అన్న వాక్యంతో కథ అయిపోయింది.

ఆ భాగం అచ్చుకెళ్లే బుధవారం మధ్యాహ్నం బొకియోన్‌కి ఆ గుర్రం ఎవరో బోధపడింది. గిస్లేన్‌ని పిలిపించాడు.

“చివర్లో గుర్రం లాగాలి. యజమాని చక్కెర ముక్క పెడతాడు, అది సంతోషంగా లాగుతుంది. పిల్లలకి నీతి ఉండొద్దూ?”

“మా తాత గనిలోనే పోయాడు సార్. ఆయన గుర్రం చక్కెరకి లొంగే రకం కాదు.”

“మార్చకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు.”

“రాను. కథ మాత్రం మారదు.”

ఆయన విసురుగా కింద అక్షరాలు కూర్చే కంపోజింగ్ గదిలోకి దిగాడు. వెనకాలే గిస్లేన్, ఆమె వెనక నేను. పేజీ అప్పటికే బల్ల మీద సీసపు అక్షరాల వరుసలుగా సిద్ధంగా ఉంది.

“వాతెల్, ఆ ఆఖరి వాక్యం తీసెయ్,” అన్నాడు బొకియోన్ ఫోర్‌మన్‌తో.

“రాసినావిడ ఒప్పుకుందా?” అన్నాడు వాతెల్, చేతులు తుడుచుకుంటూ.

బొకియోన్‌కి తిక్కరేగింది. తన చేత్తోనే ఆ సీసపు వరుస పీకేశాడు.

ఎడిటరైనా, యజమానైనా కంపోజిటర్ కూర్చిన సీసాన్ని ముట్టకూడదు, అది అచ్చుశాల కట్టుబాటు. ఇన్నేళ్లలో నేను పెన్సిలుతో చూపించానే తప్ప వేలు ఆనించలేదు. ఎవరో ఇనుప చట్రం మీద ఠంగున కొట్టారు. ఆ వెంటనే అందరూ చేతిలో ఏది ఉంటే దానితో వాయించడం మొదలెట్టారు. మా అచ్చుశాలల్లో సన్మానానికీ ఇదే, ఛీకొట్టడానికీ ఇదే. ఆ రోజు రెండింట్లో ఏదో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. యంత్రాలు ఆగిపోయాయి.

“ఏం కావాలయ్యా మీకు?” అని అరిచాడు బొకియోన్.

“మాకేం వద్దు సార్. అది బల్ల మీద వదిలేసి పైకెళ్లండి. దాన్ని తిరిగి పెట్టేది నేను,” అన్నాడు వాతెల్.

పత్రిక కట్టలు రైలు అందుకోవాలి. బొకియోన్ గడియారం వంక చూసి సీసం వదిలేశాడు. మెట్ల మీద నుంచి మాత్రం, “దెలాత్ర్, నీ ఉద్యోగం పోయింది!” అని కేకేశాడు.

“తెలుసు సార్. పేజీ అచ్చయ్యాక పోతాను.”

వాతెల్ వరుస పెట్టేశాడు. గిస్లేన్ నా పక్కన కూలబడింది.

“భయంగా ఉందే ల్యూసియెన్.”

“మరెందుకే పిచ్చిదానా, పిల్లల కథ కోసం ఇంత పంతం?”

“రేపు లాన్స్‌లో పిల్లలు దీన్ని పైకి చదువుతారు. సమ్మె కదా, నాన్నలంతా ఇంట్లోనే ఉండి వింటారు.”