మంగళ పసుపు

ధర్మవరంలో సైన్సు మాస్టరుగా రిటైరైన హరిప్రసాద్ తన పుస్తకాల గదికి వెన్నెల పసుపు అనే రంగు వేయించాలనుకున్నాడు. భార్య పుష్పావతి మంగళ పసుపు కావాలంది, పేరులోనే శుభముందట.

"పేరు చూసి రంగు ఎంచడం మూఢనమ్మకం" అంటూ ఆయన రెండు అట్టలకు ఆ రంగులు పూయించి, పేర్లు వెనుక రాయించి, ఏది ఏదో తెలియకుండా ఆ అట్టలను ఆమె చేతనే తారుమారు చేయించాడు. పట్టుచీరలు చూసినట్టు వాకిట్లో వెలుగుకు పట్టి, "నిస్సందేహంగా ఇదే!" అని ఒకటి పైకెత్తాడు. తిప్పి చూస్తే మంగళ పసుపు.

"ఒక్క ప్రయోగం చాలదు" అన్నాడు. అట్టలు మళ్లీ తారుమారు చేయించి చూస్తే సాయంత్రం వెలుగులోనూ అదే తేలింది.

"ఏమయ్యా, ఇంగా ఎన్ని తూర్లు? పెయింటరు సాబ్జాన్ కాసుకోని ఉండాడు" అంది పుష్పావతి.

హరిప్రసాద్ కళ్లజోడు తుడుచుకున్నాడు.

"సాబ్జాన్, మంగళ పసుపే వెయ్యప్పా. శుభమని కాదు, ప్రయోగంలో తేలిందని!"

"శుభమైనా, ప్రయోగమైనా డబ్బా అదే కద సార్" అన్నాడు సాబ్జాన్, మూత తీస్తూ.