విన్నవాళ్ళ సంతకం

నిఘంటువు ఆఫీసులో ఆవిడని అందరూ కత్తెరమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లీషు మాటలకు తెలుగు అర్థాలు రాస్తోంది. అవతలివాళ్ళ ముఖం మాడిపోయినా సరే, ఉన్నమాట అనెయ్యడం ఆవిడ అలవాటు. అలవాటని మనం అంటున్నాం గానీ, ఆవిడ దృష్టిలో అది గుణం, అదీ గొప్ప గుణం.

ఆ వారం 'బ్రూటల్' అనే మాట ఆవిడ బల్ల మీదికి వచ్చింది. ఒకటి, క్రూరమైన. రెండు, తట్టుకోలేనంత తీవ్రమైన. ఎండకీ చలికీ వాడతారు. మూడు, మొహమాటం లేకుండా కుండబద్దలు కొట్టినట్టు చెప్పిన. అర్థాలు రాయడం ఆవిడకు మంచినీళ్ళ ప్రాయం. చిక్కంతా ఉదాహరణల దగ్గరే. ఆ ఆఫీసులో ఉదాహరణలు కల్పించకూడదు. ఎవరో ఎవరితోనో నిజంగా అన్న మాటే కార్డు మీద రాయాలి. అది ఏ అర్థం కిందికి వస్తుందో అన్నవాళ్ళు కాదు, విన్నవాళ్ళు టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. ముసలి సంపాదకుడి చాదస్తం అది. "అన్నవాళ్ళని అడిగితే లోకంలో అన్నీ మంచిమాటలేనమ్మా" అంటాడు.

మొదటి రెండింటికీ ఉదాహరణలు దొరికాయి. మూడోదానికి ఆవిడ ఎక్కడా వెతుక్కోలేదు. రెండేళ్ళ కిందట తనే అలాంటి మాట ఒకటి అంది. చెల్లెలు నలభై రోజులు కూర్చుని అమ్మకి ఉన్ని కోటు కుట్టింది. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు అమ్మ దాన్ని తొడుక్కుని మురిసిపోతుంటే, ఆవిడ చూసి, "ఇది మనిషికి కుట్టావా, మంచానికా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. కోటు చేతులు నిజంగానే పొడుగు. ఆ రోజు నుంచి చెల్లెలు అక్క గుమ్మం తొక్కలేదు. అమ్మ పోయినప్పుడు కూడా గదిలో ఆ చివర నిలబడింది.

కార్డు మీద వాక్యం రాసుకుని, సంతకం వంకతో ఆవిడ చెల్లెలింటికి బయలుదేరింది. వంకే, మనకి తెలుసు. ఉదాహరణలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆవిడకి కావలసింది చెల్లెలు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి మాత్రం అంత పదునైన నోరూ పెగల్లేదు.

చెల్లెలు తలుపు తీసి కూర్చోమంది. మూల కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది, దాని మీద పాత పత్రికల దొంతర. చెల్లెలు కార్డు రెండుసార్లు చదివింది. తర్వాత పెన్ను తీసుకుని ఒకటో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసింది.

"మూడోది కాదా?" అంది అక్క. "చేతులు పొడుగేగా."

"పొడుగే. నాకూ తెలుసు. మర్నాడు సరిచేద్దామనుకున్నా, అమ్మ ఆగలేక తొడిగేసుకుంది. నన్ను పక్కకి పిలిచి చెప్పుంటే మూడోదే పెట్టేదాన్ని. నువ్వు నలుగురినీ నవ్వించడానికి అన్నావు."

అక్కకి ఆ నవ్వులు వింటూ తను ఎంత పొంగిపోయిందో గుర్తొచ్చి సిగ్గేసింది. నియమం నియమమే కాబట్టి కార్డు సంచిలో పెట్టుకుంది.

"మూడోదానికి ఇంకోటి చూసుకోవాలి" అంటూ లేవబోయింది.

"ఖాళీ కార్డు ఉందా?" అంది చెల్లెలు. "ఉంటే రాసుకో. నీతో ఎవరూ మనసు విప్పి మాట్లాడరక్కా. భయం. అమ్మ కూడా జబ్బు సంగతి ముందు నాకే చెప్పింది. నీకు చెప్పొద్దంది."

ఆవిడ రాసింది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ముప్పై ఏళ్ళ గుండ్రటి చేతిరాతతో రాసింది. రాశాక, ఈసారి విన్నది తనే కాబట్టి టిక్కు తనే పెట్టాలని తట్టింది. పెన్ను ఒకటో గడి మీద ఆగింది. తలెత్తి చూసింది. గదిలో నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. చెల్లెలి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

మూడో గడిలో టిక్కు పెట్టి, కింద సంతకం చేసింది.

"అమ్మ ఇంకేం చెప్పింది?" అని అడిగింది.

చెల్లెలు తన కుర్చీని అక్క దగ్గరికి లాక్కుంది.